తిప్పలు లేని దరఖాస్తు

ఇప్పుడు సర్కారుకు మన మాట చెప్పుడు చాన అల్కగైందట. కూసున్న కాడ కూసోని ఫోన్ల నాలుగు ముక్కలు కొడితె సాలు, మన గోస పొయ్యి కలెక్టరు బల్ల మీద పడ్తదట. కావాలంటె ఢిల్లీ దాక పోతదట. జర్మనీల నౌకరి చేసే నా మనుమరాలైతె, ఆడ 27 దేశాలు కలిసి నడిపే యూరప్ సర్కారుకు గూడ ఇంట్ల కూసోని సలహా పంపొచ్చు తాతా అంటది. మంచిదే బిడ్డా. కని నాకు సమజుగానిది ఒక్కటున్నది. చెప్పుడు గింత అల్కగైనంక, ఇనుడు ఎందుకు అల్కగ కాలేదు?

నేను పంతులు పని చేసినోన్ని. మొదటి నౌకరి ఆదిలాబాద్ ఏజెన్సీల, ఉట్నూరు దిక్కు. రిటైరైంది కరీంనగర్ల. పంతులంటె పిల్లలకు చదువు చెప్పేటోడని అందరనుకుంటరు గని, సర్కారు లెక్కల పంతులంటె డ్యూటీకి దొరికే మనిషి. జనాభా లెక్కలకు మేమే, ఓటర్ల లిస్టుకు మేమే, 2014 ఆగస్టు 19న ఒక్క దినంల తెలంగాణ అంత చేసిన సమగ్ర కుటుంబ సర్వేకు మేమే. ఇగ ఎలక్షన్లంటె చెప్పేదే లేదు. ప్రజాస్వామ్యాన్ని నేను పుస్తకాలల్ల చదివింది తక్కువ, రేకు డబ్బలల్ల, లక్క ముద్రలల్ల చూసింది ఎక్కువ.

ఎన్కట బ్యాలెట్ డబ్బ అంటె బరువు. లారీల ఎక్కిచ్చుడు, దించుడు, తొవ్వ లేని ఊర్లకు ఎడ్లబండ్ల ఏసుడు, వాగు వస్తె నెత్తి మీద పెట్టుకోని దాటుడు. రాత్రి బడిల పండుకుంటె డబ్బ పక్కనే చాప. ఓట్ల లెక్క రాత్రంత సాగేది. ఏజెంట్లు కండ్లల్ల ఒత్తులేసుకోని కూసునేది. ముద్ర రెండు గుర్తుల నడుమ పడ్డదంటె అది ఎవరి ఓటో తేలేదాక లొల్లే. 2004ల దేశమంత మిషిన్లు వచ్చినయి. పని తగ్గింది, నడుం నొప్పి తగ్గింది, అబద్ధమెందుకు చెప్పాలె.

కని గా మిషినుకు ఒక హద్దుండె. ఒక్క యూనిటు మీద 16 పేర్లు. గసొంటియి నాలుగు కలిపితె 64. 65వ మనిషి నిలబడ్డడంటె మిషిను చేతులెత్తేస్తది, మల్ల కాగితమే. గీ కీలకం మనోళ్లు పసిగట్టిన్రు. 2010 జులైల, తెలంగాణ కోసం రాజీనామాలు చేసిన 12 సీట్లకు ఉప ఎన్నికలైనయి. అండ్ల ఎనిమిది మన రెండు జిల్లాలయే: ఇటు సిరిసిల్ల, హుజూరాబాద్, వేములవాడ, ధర్మపురి, కోరుట్ల, అటు మంచిర్యాల, చెన్నూరు, సిర్పూరు. మిషిన్ల మీద అనుమానమున్నోళ్లు కుప్పలుకుప్పలుగ నామినేషన్లేసిన్రు. లెక్క 64 దాటిన కాడల్ల మూలకు పడ్డ డబ్బలు మల్ల దుమ్ము దులుపుకోని బయటికొచ్చినయి. అంతకు ముందు 1996ల నల్లగొండోళ్లు ఇంకో అడుగు పైకే ఏసిన్రు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి బొక్కలు వంకరబోయిన ఊర్ల బాధ ఢిల్లీకి తెల్వాలని 480 మంది పోటీకి నిలబడ్డరు. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది. ఎన్నికనే వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. మంది అంటె గది. మంది కూడితె సర్కారు పని ఆగాలె, ఆఫీసరు తల గోక్కోవాలె, ఎందుకు వచ్చిన్రని అడగాలె.

2010 ఉప ఎన్నికలై తొమ్మిదేండ్లు గడిచినయి. 2019 ఏప్రిల్ 11. నిజామాబాద్ ఎంపీ సీటు. మన జగిత్యాల, కోరుట్ల దాని కిందికే వస్తయి. పసుపుకు, ఎర్రజొన్నకు ధర లేదని, పసుపు బోర్డు కావాలని రైతులు నామినేషన్లేసిన్రు. మొత్తం 185 మంది, అండ్ల 178 మంది రైతులే. నా సోపతి పంతుళ్లు, ఈసారి కాగితం తప్పది అనుకున్నరు. 64కే చేతులెత్తేసే మిషిను 185కు ఏం జేస్తది? ఏం జేసిందంటె, కొత్త రకం మిషిన్లు దిగినయి. ఎం-3 అంటరు. 24 యూనిట్లు తగిలిచ్చినా నడుస్తది, 384 పేర్ల దాక పడ్తయి. బూతుకు 12 యూనిట్లు పెట్టిన్రు. లోపలికి పోయిన ముసలోళ్లు తమ గుర్తు ఏడున్నదో దేవులాడుకున్నరు. ఎన్నిక ఆగలే, తారీఖు మారలే.

మిషిను కడుపు పెద్దగైంది. గప్పుడే నాకు లోపల కలుక్కుమన్నది. ఇగ మనం ఎంతమందిమి పోయినా అది మింగుతది, అరిగిచ్చుకుంటది.

రైతుల కష్టం వట్టిగ పోయిందని అనను. గా ఎన్నికల సిట్టింగు ఎంపీ ఓడిపోయింది. పసుపు బోర్డు 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్ల మొదలైంది. కని 185 పేర్లు చూసి సర్కారుకు రావాల్సిన తిప్పలను గా మిషిను తన మీద ఏసుకున్నది. మీకు నిలబడే హక్కున్నది, నిలబడున్రి, మాకేం నొప్పి లేదు, అన్నట్టు. నొప్పి లేనోనికి మందు ఎందుకు యాదికొస్తది?

దరఖాస్తుల సంగతి గూడ గంతే. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాక ప్రజాపాలన కింద ఊరూర దరఖాస్తులు తీసుకున్నరు. పది దినాలల్ల కోటీ పాతిక లక్షలు. జీరాక్స్ దుకాణాలోళ్లకు పండుగ. కాగితం మీద రాసిచ్చినయన్ని కంప్యూటర్ల ఎక్కిచ్చిన్రు. ఎన్కటి కాలంల కోటి కాగితాలు కట్టలు కట్టి పెట్టుమంటె తహసీలు దఫ్తర్ల తలుపులు పడకపోవు. గా కట్టల నడుమ కూసోలేక గుమాస్తాలే సార్ల మీద కొట్లాటకు పోతుండె, ఏదో ఒకటి తేల్చున్రి అని. గిప్పుడు కోటి మంది గోస వేలిగోరంత చిప్పుల పడ్తది. ఎవరి కుర్చీకి అడ్డం లేదు.

సోమవారం కలెక్టరాఫీసుల గ్రీవెన్స్ ఉండేది. ఇప్పుడు ప్రజావాణి అంటున్నరు, పేరు బాగున్నది. మాకు తెలిసిన అవ్వ ఒకామె పింఛన్ రాకుంటె ఆడికి పొయ్యి, కాగితం ఇచ్చి ఊకోలే. సారు పచ్చ సిరతోని మార్జిన్ల రాసి సంతకం పెట్టేదాక వరండల కూసున్నది. లేవలే. పోలీసాయన లేపితె లేచి ఇంకో తాన కూసున్నది. సారు టిఫినుకు పోవాలన్నా ఆమె ముందట్నుంచే పోవాలె. రెండోసారికే పని అయింది. న్యాయం తన వైపున్నదని కాదు, తొవ్వల ఉన్నది గనుక అయింది.

నేను ఫోన్ల ఒక ఫిర్యాదు పెట్టిన. మా వాడకట్టు మోరీ నిండి నీళ్లు గడపల్లకు వస్తున్నయి. ఏ దఫ్తరో చెప్పను, ఎందుకంటె అన్ని దఫ్తర్లు ఒక్క తీరుగనే ఉన్నయి. నంబరొచ్చింది. కొన్నొద్దులకు, మీ ఫిర్యాదు పరిష్కరించబడినది, అని మెసేజు వచ్చింది. మోరీ కాడికి పొయ్యి చూసిన. నీళ్లకు గా మెసేజు అందినట్టు లేదు. మీరు సంతృప్తి చెందినారా అని అయిదు చుక్కలు చూపిచ్చిన్రు. ఒక్క చుక్క నొక్కిన. ధన్యవాదాలు అన్నది. తిట్టినా ధన్యవాదాలనేటోనితోని ఎట్ల కొట్లాడాలె?

ఎన్కటి కాలం బంగారమని నేను అంటలేను. పట్వారిల పెత్తనం చూసినోన్ని. పహాణి ఆయన చంకల, ఊరు ఆయన గుప్పిట్ల. 1984ల ఎన్టీఆర్ పటేల్ పట్వారి పద్ధతి తీసేస్తె ఊర్లల్ల మస్తుమంది ఊపిరి పీల్చుకున్నరు. తర్వాత వచ్చిన వీఆర్వోల మీద గూడ పుకార్లు తక్కువ లేకుండె. 2020ల వాళ్లనూ తీసేసిన్రు. గా అక్టోబరు 29న ధరణి వచ్చింది. మనిషి చేతుల్నుంచి భూమిని కంప్యూటరుకు అప్పజెప్పినం, ఇగ లంచం లేదన్నరు. రిజిస్ట్రేషను గంటల అయ్యేది, గది నిజమే. కని పేరు తప్పు పడ్డోడు, సర్వే నంబరు నిషేధిత జాబితాల పడ్డోడు ఆఫీసుకు పోతె, భూమి నీదేనని మాకు ఎరుకే, పోర్టల్ల ఆప్షన్ లేదు, అన్న మాట ఎన్నిసార్లిన్నడో లెక్క లేదు. పట్వారి అన్యాయం చేస్తె బజార్ల నిలబడి తిట్టొచ్చు, వాని మీద పాట కట్టొచ్చు, మా తెలంగాణల అంతకంటె ఎక్కువే చేసిన్రు. ఆప్షనును ఎవడు తిడ్తడు, దాని ఇల్లు ఏ వాడకట్టుల ఉన్నది? 2025 ఏప్రిల్ 14న ధరణి పొయ్యి భూభారతి వచ్చింది. అప్పీలు చేసుకునే తొవ్వ పెట్టిన్రట. చూద్దాం.

ఇంకో ముచ్చట. మా గోదావరిఖని దిక్కు సింగరేణి ఓపెన్ కాస్టు తవ్వాలంటె ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలె. షామియానా ఏస్తరు, పెద్దసార్లు కూసుంటరు, ఊరోళ్లు మైకు గుంజుకోని తెలుగుల దులుపుతరు. మాట నెగ్గుతదా అంటె చాన సార్లు నెగ్గది. అయినా గా గంటసేపు సార్లు లేచి పోవస్తలేదు. 2020ల, కరోన లాక్‌డౌన్ నడుమ, గీ పద్ధతినే మార్చే ముసాయిదా ఢిల్లీ నుంచి వచ్చింది. నోటీసు 30 దినాల కాడ 20 దినాలు సాలన్నరు. దాని మీద మీ అభిప్రాయం ఈమెయిల్ చేయున్రి అన్నరు. ముసాయిదా ఇంగ్లీషుల ఉన్నది, హిందీల ఉన్నది. బొగ్గుబాయి పక్కన పగుళ్లిచ్చిన గోడలున్న ముసలాయన ఏ భాషల ఈమెయిల్ చేస్తడు? ఢిల్లీ హైకోర్టు జూన్ 30న, అన్ని షెడ్యూలు భాషలల్లకు తర్జుమా చెయ్యున్రి, గడువు ఆగస్టు 11 దాక పెంచున్రి అన్నది. లక్షల ఈమెయిళ్లు పోయినయి. అందరిని అడిగినం అని రాసుకునేటందుకు గిప్పుడు షామియానా కిరాయి గూడ అక్కర లేదు.

గిదంత మన దేశం కథ, పెద్ద దేశాలల్ల గిట్లుండదు అనుకున్న. మనుమరాలితోని మాట్లాడినంక గా భ్రమ గూడ పోయింది.

ఆమె ఫోన్ చేసే యాళ్ల ఎండకాలం ఒక తీరుగ, చలికాలం ఒక తీరుగ ఉంటది. ఒకప్పుడు మూడున్నర గంటల తేడ, ఒకప్పుడు నాలుగున్నర. ఎందుకే బిడ్డా అంటె, ఈడ మార్చిల గడియారాలు గంట ముందుకు జరుపుతరు, అక్టోబరుల ఎన్కకు తెస్తరు తాతా అన్నది. అక్కడోళ్లకే గది నచ్చదట. 2018ల యూరోపియన్ కమిషన్ ఇంటర్నెట్ల జనాన్ని అడిగింది, గీ జరుపుడు ఉంచాల్నా తీసేయాల్నా అని. 46 లక్షల మంది జవాబిచ్చిన్రు. అంతకు ముందు ఏ సంగతి మీద గూడ అంతమంది చెప్పలేదట. 84 శాతం తీసేయుమన్నరు. 2019 మార్చిల యూరప్ పార్లమెంటు గూడ 2021 నుంచి బందు పెడదామని ఓటేసింది. గిప్పటికీ జరుపుతనే ఉన్నరు. 46 లక్షల మంది గూడి గడియారం ముల్లును ఆపలేకపోయిన్రు.

మనుమరాలు చదువుకున్న పిల్ల, ఊకుంటదా? "తాతా, ఆ 46 లక్షలల్ల 30 లక్షల పైన ఒక్క జర్మనీ వాళ్లే. అది యూరప్ అంతటి మాట ఎట్లయితది? పార్లమెంటు ఓటేస్తె సరిపోదు, దేశాల సర్కార్లు కూసునే కౌన్సిల్ గూడ ఒప్పుకోవాలె. ఒక దేశం ఎండకాలం టైం కావాలంటది, ఇంకోటి చలికాలం టైం అంటది. తేలలేదు" అన్నది. సమజైంది. అడిగే కిటికి ఒక తాన, తేల్చే అర్ర ఇంకో తాన. కిటికి ఎంత పెద్దగ పెట్టినా అర్రల చప్పుడు ఇనరాదు. అడుగుడు మా వంతు, తేల్చుడు ఇంకొకల వంతు అని ముందుగాల చెప్తె జనం తమ బొటనవేలు గంత అరగదీసుకోకపోదురు.

గడియారం సంగతి నవ్వులాట అనుకుందాం. పత్తి సంగతి అట్ల కాదు. ఆదిలాబాద్ నల్లరేగళ్లల్ల పత్తి ఏసేటోళ్లకు గ్లైఫోసేట్ గడ్డిమందు ఎరుకే. గడ్డిమందు కొట్టినా చావని పత్తి అని చెప్పి, అనుమతి లేని ఇత్తనాలు దొంగతనంగ అమ్ముతరు. టాస్కుఫోర్సోళ్లు పట్టుకుంటనే ఉంటరు, అమ్మేటోళ్లు అమ్ముతనే ఉంటరు. గా మందు వొద్దని యూరప్ల 2017ల 10 లక్షల 70 వేల మంది సంతకాలు పెట్టిన్రు. ఆడ ఒక పద్ధతున్నది, 2012 నుంచి నడుస్తది. ఏడాదిల పది లక్షల సంతకాలు తేవాలె, కనీసం ఏడు దేశాల నుంచి రావాలె. ఆన్లైన్ల పెట్టొచ్చు. గట్ల తెస్తె కమిషన్ జవాబు చెప్పాలె. జవాబు చెప్పాలె, అంతే, చేయాలని లేదు. మందుకు ఇంకో అయిదేండ్లు అనుమతి ఇచ్చిన్రు. కంపెనీలు చేసిన పరీక్షల కాగితాలు జనం చూసేటట్టు ఒక చట్టం మాత్రం తెచ్చిన్రు, గది సంతకాల పుణ్యమే, ఒప్పుకోవాలె. 2023ల మందుకు మల్ల పదేండ్లు పొడిగించిన్రు.

దీని తర్వాతి ముచ్చట ఇనున్రి. పురుగుమందులు, గడ్డిమందుల వాడకం 2030 కల్లా సగం తగ్గియ్యాలని కమిషనే ఒక చట్టం ముసాయిదా పెట్టింది. పార్లమెంటుల అది ఓడిపోయినా పక్కకు పెట్టకుండ ఉంచుకున్నది. 2024 ఫిబ్రవరి 1న రైతులు ట్రాక్టర్లేసుకోని బ్రస్సెల్స్ మీద పడ్డరు. పార్లమెంటు ముందట మంటలు పెట్టిన్రు. ఫిబ్రవరి 6న కమిషన్ పెద్దమె ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్ గా ముసాయిదాను ఎన్కకు తీసుకుంటున్నమన్నది. గా రైతులు అడిగింది నాకు నచ్చిందా అంటె నచ్చలే. మందు తగ్గాలనే నేను గూడ అంట. కని లెక్క చూడున్రి. పది లక్షల సంతకాలు ఒక దిక్కు, వారం దినాల ట్రాక్టర్లు ఒక దిక్కు. మన దేశంల 2020, 2021ల ఢిల్లీ పొలిమేర్లల్ల రైతులు ఏడాది కూసున్నరు, మూడు చట్టాలు వాపసైనయి. గా ఏడాదిల ఫోన్లల్ల ఎన్ని వేల మంది ఎన్ని లక్షల బొమ్మలు పంపుకున్నరో, దానికి కాదు సర్కారు దిగింది. రోడ్డు మూతపడ్డది గనుక దిగింది.

నేను చేసిన నౌకరి ఆదిలాబాద్ అడవులల్ల గనుక నాకు ఇంకో సంగతి యాదికొస్తది. కేస్లాపూర్ నాగోబా జాతరల, పుష్య అమావాస్య పూజలైనంక, దర్బారు జరుగుతది. కలెక్టరు, ఎస్పీ, ఐటీడీఏ పీవో వచ్చి గోండు, కొలాం పెద్దల ముందట కూసోని గోడు ఇంటరు. సార్లు జనం కాడికి వచ్చే దర్బారు. అది ఎట్ల పుట్టింది? ఎవరో దయగల ఆఫీసరుకు కల వచ్చి కాదు. 1940ల జోడేఘాట్ల కొమురం భీం చచ్చిపోయినంక, అడవి ఎందుకు ఎదురు తిరిగిందో తెలుసుకుందామని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ దొరను పంపింది. గాయన వచ్చి చూసి, వీళ్ల మాట ఇనే తావు లేదని దర్బారు మొదలుపెట్టిచ్చిండు. భీం చావు ముందు, దర్బారు తర్వాత.

ప్రపంచ బ్యాంకు కథ గూడ గిదే. ఆదిలాబాద్ ఆ బ్యాంకుకు కొత్త కాదు. 2000ల వెలుగు పథకం ఆరు వెనకబడ్డ జిల్లాలల్ల దాని అప్పుతోనే మొదలైంది, అండ్ల మనదొకటి. గా బ్యాంకు అప్పుతోని నడిచే పని మీద అన్యాయమైనోళ్లు సూటిగ ఫిర్యాదు పెట్టుకునేటందుకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ అని ఒకటి ఉన్నది, 1993ల పెట్టిన్రు. ఎందుకు పెట్టిన్రు? నర్మద డ్యాము కింద మునిగే ఊర్లోళ్లు, మేధా పాట్కర్ ఎంబడి నడిచినోళ్లు, నీళ్లల్ల నిలబడి గా బ్యాంకు పరువు ప్రపంచం ముందు తీసిన్రు గనుక. గా ప్యానెలుకు ఇప్పుడు కంప్యూటర్ల నుంచి గూడ ఫిర్యాదు పంపొచ్చు. పంపేటోళ్లు గా కిటికి ఎవరి కాళ్ల బలంతోని తెరుచుకున్నదో యాది పెట్టుకుంటె సాలు.

"అయితె నడువలేనోళ్ల సంగతేంది తాతా?" అని అడుగుతది మనుమరాలు. "నీ తీరుగ అందరు వరండల కూసోలేరు గదా. కరోనల యూరప్ పార్లమెంటోళ్లు ఇండ్లల్లనే ఉండి ఓటేసిన్రు, పని ఆగలే." గది నేను గూడ చదివిన. 2020 మార్చి 26న. బ్యాలెట్ కాగితం ఈమెయిల్ల వస్తె, ప్రింటు తీసుకోని, సంతకం పెట్టి, ఫోటో తీసి మల్ల పంపిన్రు. మా మీసేవ కాడ నడిచేది గూడ గిదే. మా ఊరి పోరలు గా పార్లమెంటుకు నేర్పియ్యొచ్చు.

కని ఆమె అన్నదాంట్ల నిజమున్నది, తోసెయ్యను. 2015ల ఇంటర్నెట్టు అందరికి ఒక్క తీరుగ ఉండాలని పది లక్షల మంది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు ఈమెయిళ్లు పంపిన్రు. ట్రాయోళ్లు ఇంత తెలివి చూపిచ్చిన్రు: ఈమెయిళ్లతో పాటు పంపినోళ్ల అడ్రసులు గూడ లోకానికి బయట పెట్టిన్రు. అయినా 2016 ఫిబ్రవరిల తీర్పు జనం దిక్కే వచ్చింది. గిది నా లెక్కకు అడ్డం పడ్తది, పడనీ. అన్ని ఒక్క లెక్కల ఇముడుతయా?

మన మాట ఇనకపోవుడు కంటె పెద్ద గోస, మన సంగతి మిషినే తేల్చుడు. సమగ్ర వేదిక గసొంటిదే. మన తెలంగాణ సర్కారు పెట్టుకున్న కంప్యూటరు లెక్క. ఒక మనిషి పేరు మీద కారున్నదా, ఆస్తున్నదా అని అన్ని శాఖల కాగితాలు కలిపి చూసి, వీనికి రేషన్ కార్డు అక్కరలేదని తేలుస్తది. పేర్లు కలిసిపోయి బీదోళ్ల కార్డులు గూడ పోయినయి. నోటీసు లేదు, అడుగుడు లేదు. డీలరు కాడ సంచి పట్టుకోని నిలబడ్డంకనే తెలిసేది. 2022 ఏప్రిల్ల సుప్రీంకోర్టు, కొట్టేసిన దాదాపు 19 లక్షల కార్డులను మల్ల ఇంటింటికి పొయ్యి చూడున్రి అన్నది. మిషిను రాసిన రాతను సరిజేసేటందుకు మల్ల మనిషే గడప ఎక్కాలె. మనుమరాలు అన్నది, యూరప్ల 2024 ఆగస్టుల కృత్రిమ మేధ చట్టం అమలుకు వచ్చిందట. సర్కారు సాయం ఎవరికియ్యాలె, ఎవరికి వొద్దు అని మిషిను తేల్చే కాడ ప్రమాదం ఎక్కువని రాసుకోని, మనిషి కాపలా ఉండాలన్నరట. గది మాత్రం నాకు నచ్చింది. గా ఒక్క ముక్క మాకు పంపు బిడ్డా, గడియారం మీరే ఉంచుకోన్రి అన్న.

మా జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊర్లల్ల గల్ఫుకు పోయినోడు లేని వాడకట్టు లేదు. దుబాయి నుంచి పైసలు నిమిషంల పడ్తయి. పెండ్లాం పిల్లలతోని రోజు మొఖం చూసుకోని మాట్లాడుతరు. ఓటు మాత్రం ఫోన్ల పడది. 2010ల చట్టం మార్చి ప్రవాసులకు ఓటు హక్కిచ్చిన్రు, సంతోషం. కని పాస్‌పోర్టు పట్టుకోని సొంతూరి బూతుకు రావాలె. ఎడారిల కూలి చేసేటోడు విమానం కిరాయి పెట్టుకోని సిరా చుక్క కోసం వస్తడా? వేలిముద్ర పెట్టు, మొఖం చూపియ్యి, ఓటీపీ చెప్పు అని పొద్దంత అడిగేటోళ్లకు, వాని ఓటు అడిగే కాడ మాత్రం ఎన్కటి పద్ధతి గుర్తుకొస్తది. బీడీలు చుట్టి చుట్టి వేలిగీతలు అరిగిపోయిన అవ్వలకేమో మనిషి ముందటున్నా మిషిను ఒప్పుకోది. మనిషి కావాల్సిన కాడ మిషిను, మిషిను ఉండాల్సిన కాడ మనిషి.

2024 ఫిబ్రవరి ఒకటితోని మా ఊర్ల సర్పంచుల పదవి అయిపోయింది. దాదాపు రెండేండ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలన. రెండు నెలలకొక గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టంల రాసున్నది. సభ అంటె గిప్పుడు ముందుగాల ఫోటో. పది మంది నిలబడంగ ఒక పోరడు ఫోన్ల ఫోటో తీసి ఎక్కిస్తడు. ఉపాధి హామీ పనికాడ గూడ గట్లనే, 2023 నుంచి పొద్దుగాలొకసారి, మాపటికొకసారి ఫోటో పడితెనే కూలి. ఏజెన్సీల సిగ్నల్ కోసం మేటు గుట్టెక్కుతడు, కూలోళ్లు కిందనుంచి చూస్తరు.

ఆఖరికి 2025 డిసెంబరుల మూడు విడతలుగ పంచాయతీ ఎన్నికలైనయి. మిషిను లేదు. కాగితమే. సర్పంచుకు గులాబి రంగుది, వార్డు మెంబరుకు తెల్లది. పగటి రెండు గంటలకు లెక్క మొదలు. మా ఊరి బడిల నేను నౌకరి చేసిన దినాలల్ల ఎట్లుండెనో గట్లనే ఉన్నది, కట్టలు, రబ్బరు బ్యాండ్లు, కిటికీలు పట్టుకోని యాలాడే పోరలు. ఓడిపోయినాయన కొన్ని ఓట్లతోనే ఓడిండు. ఒప్పుకోలే. మల్ల లెక్కపెట్టుమన్నడు. పొద్దు మీకింది, చలి పెడ్తున్నది, డ్యూటీల ఉన్న పంతులమ్మకు పోవాల్సిన బస్సు పోయింది. అయినా ఆయన బల్ల ముందట్నుంచి కదలలే. ఆమె తల పట్టుకోని, కట్టలిప్పి, ఒక్కొక్క కాగితం ఎత్తి ఆయన మొఖం ముందట పెట్టి మల్ల లెక్కపెట్టింది. మొదలొచ్చిన లెక్కనే వచ్చింది. ఆయన తువ్వాల దులుపుకోని, గెలిచినాయన్ను తిట్టుకుంట, పంతులమ్మకు బండి మీద మండలం దాక ఎవరన్న దింపున్రి రా అని కొడుకును కేకేసిండు.